పది ఇళ్లు, పది చేపలు

మా ఊరి పేరు సెకండ్ హోప్. మొదటి ఆశ ఏమైందని అడిగితే చెప్పేవాళ్లు లేరు. చెరుకు తోటల దొరలు పెట్టిన పేరు అది. దొరలు పోయారు, ఆ తర్వాత చెరుకూ పోయింది, పేరు మిగిలింది. ఆ ఊరి హైస్కూలుకి నేను హెడ్‌మిస్ట్రెస్‌ని. పేరు హేమ్‌వంతీ సుఖ్‌లాల్. పిల్లలు నా ముందు మిస్ అంటారు, నా వెనక ప్రెషర్ కుక్కర్ అంటారు. రెండోదే నాకు అతికినట్టు సరిపోయిందని మా ఆయన కూడా ఒప్పుకుంటాడు.

ఆ ఏడాది జనవరిలో ఏ పేపరు తెరిచినా ఒకటే గోల. గయానాలో పెరిగినంత వేగంగా ఆదాయం ప్రపంచంలో ఇంకెక్కడా పెరగడం లేదట. సముద్రం అడుగున చమురు పడింది కదా! దేశం సంపాదనని జనం లెక్కన పంచి చూస్తే మనలో ఒక్కొక్కరం ఐరోపా వాళ్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవచ్చట. ఆ వార్త ఉన్న పేపర్లే పరిచి మా నాలుగో ఫారం గదిలో కారిన వాననీళ్లు అద్దాం. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని నేనంటే, మా టీచర్లు నవ్వలేదు. నవ్వడానికి మిగిలినవాళ్లే తక్కువ.

నాకు కూర్చోవడం చేతకాదు. బడి జరుగుతున్నంతసేపూ వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉంటాను. ఆ రోజు అలా తిరుగుతూ ఐదో ఫారం కిటికీ దగ్గర ఆగిపోయాను. లోపల మా లెక్కల టీచరు కెల్విన్ అడోనిస్ సగటు చెబుతున్నాడు. ద్వారబంధం పైకమ్మికి తల తగిలేంత పొడుగు మనిషి. నా దగ్గరే చదువుకుని, మా బడికే టీచరుగా వచ్చాడు. ఐదో ఫారం అంటే ఆఖరి తరగతి. మే నెలలో సీఎక్స్‌సీ పరీక్ష. అందులో లెక్కలు పాసైతేనే ఏ కాలేజీ గేటైనా తెరుచుకునేది.

"పది ఇళ్లున్నాయి. ఒకింటాయన కాలవలో వలేసి పది హసర్ చేపలు పట్టుకొచ్చాడు. మిగతా తొమ్మిది ఇళ్లకీ ఒక్కటీ పళ్లేదు. ఇంటికి సగటున ఎన్ని?"

"ఒకటి సర్!" అని గదంతా అరిచింది.

కిటికీ పక్క బెంచీ నుంచి వర్షానీ దియోనారైన్ లేచింది. "మరి ఆ తొమ్మిదిళ్ల వాళ్లూ రాత్రికి రొట్టె దేంతో తిన్నారు సర్?"

"సగటుతో," అన్నాడు అడోనిస్, వెనక్కి కూడా తిరక్కుండా.

"పోన్లెండి సర్, ముళ్లుండవు," అంది.

గది గదంతా పగలబడి నవ్వింది. నేను కిటికీ బయట నోరు నొక్కుకున్నాను. అడోనిస్ సుద్ద కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు. "అది అడిగింది జోకు కాదర్రా. దేశాలకీ రెండు కొలతలున్నాయి. ఎన్ని చేపలు పడ్డాయన్నది ఒకటి. ఎవరు తిన్నారు, తిన్నవాడు ఎన్నేళ్లు బతికాడు, వాడి పిల్ల బడికెళ్లిందా లేదా అన్నది రెండోది. మొదటిదాంట్లో మనం పరిగెడుతున్నాం. రెండోదాంట్లో ఇంకా చెప్పులు వెతుక్కుంటున్నాం."

మా బళ్లో లెక్కల్లో మొదటి గ్రేడు ఇంతవరకూ ఎవరికీ రాలేదు. వర్షానీకి వస్తుందని నాకు నమ్మకం. పిల్ల తరగతిలో అందరికంటే ఏడాదిన్నర పెద్దది. చెరుకు ఎస్టేటు మూతపడ్డప్పుడు తండ్రి పని వెతుక్కుంటూ ఇంటిల్లిపాదినీ సురినామ్ తీసుకుపోయాడు. అక్కడా కుదరక తిరిగొచ్చారు. అలా చదువు ఆగిపోయిన పిల్ల, ఏమవుతావే అంటే లెక్కల టీచర్నవుతా మిస్ అంటుంది. జార్జ్‌టౌన్ వెళ్లి చదువుకుని మళ్లీ మా బడికే వస్తుందట. ఆ మాట వింటే నాకు కడుపు నిండిపోయేది. నా రిటైర్మెంటు లోపల నాకు కావలసింది అదొక్కటే.

ఆ సాయంత్రమే అడోనిస్ నా గదికొచ్చి టోపీ చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

"మిస్, నేనూ చేపలు పట్టడానికి పోతున్నా."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలోంచి లేచాను. చమురు ఓడలకి సామాను అందించే రేవు గోదాంలో స్టోర్‌కీపరు ఉద్యోగమట. రెండు వారాలు అక్కడే ఉండాలి, రెండు వారాలు ఇల్లు. గొలుసులూ పైపులూ లెక్కపెట్టడం, ఇచ్చినవి రాసుకోవడం.

"పైపులు లెక్కపెట్టడానికా నేను నీకు ఆల్జీబ్రా చెప్పించింది?"

"మీరు నాకు ఇంగ్లీషు చెప్పారు మిస్. ఆల్జీబ్రా నేనే నేర్చుకున్నా."

"ఎదురు మాటలు బాగా నేర్చావు. పరీక్షలకి నాలుగు నెలలే ఉన్నాయి. పిల్లల సంగతేంటి?"

"నా పిల్లల సంగతేంటి మిస్?" అన్నాడు. గొంతు పెంచలేదు. "పదకొండేళ్లుగా సుద్ద నా చొక్కాకి అంటుకుంటోంది గానీ జేబులోకి దిగట్లేదు. చమురొచ్చాక ఇంటద్దె ఎంతైందో మీకు తెలుసు, చికెన్ ఎంతైందో తెలుసు. మా ఆవిడకి మళ్లీ నెల తప్పింది. దేశం బాగుపడుతోంటే నేనొక్కణ్నే బోర్డు మీద దాని సగటు తీస్తూ కూర్చోవాలా?"

జవాబు లేనప్పుడు నేను కేకలేస్తాను. ఆ రోజూ వేశాను. అతను అన్నీ విని, పోతూ పోతూ ఒక మాటిచ్చాడు. ఇంటికొచ్చిన రెండు వారాలూ సాయంత్రాలు తన ఇంటికింద పిల్లలకి ట్యూషన్ చెబుతాడట, పైసా తీసుకోకుండా.

మర్నాడే మినీబస్సెక్కి విద్యాశాఖ ఆఫీసుకి పోయాను. గది కొత్తది, ఏసీ కొత్తది, అధికారీ కొత్తవాడే. నేను కొట్లాటకి సిద్ధపడి పోతే ఆయన నాకు ముందు కేకు పెట్టాడు.

"డబ్బుదేముంది మిస్ సుఖ్‌లాల్! ఏం కావాలో అడగండి. పైకప్పు వేయిస్తాం. కంప్యూటర్లా? పంపిస్తాం."

"లెక్కల టీచరు."

ఆయన ముఖం చిన్నబోయింది. "అదొక్కటీ అడక్కండి. డబ్బుంది మిస్, మనుషుల్లేరు. లెక్కలొచ్చినవాణ్ని చమురు వాళ్లు పట్టుకుపోతున్నారు. నర్సుల్ని విదేశాల వాళ్లు పట్టుకుపోతున్నారు. నేను కూడా ఇక్కడెంతకాలం ఉంటానో..." అని ఆగి, కేకు ఇంకో ముక్క నా వైపు జరిపాడు.

నా చిన్నప్పుడు మా బళ్లో టీచర్లుండేవాళ్లు, సుద్ద ఉండేది కాదు. ఇప్పుడు సుద్ద డబ్బాలు డబ్బాలుగా ఉంది, పట్టుకునే చెయ్యి లేదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంది మా యోగం. వారం తిరక్కుండా ఆయన మాట నిలబెట్టుకున్నాడు. లారీ మీద పెద్ద చెక్కపెట్టె వచ్చింది. అందులో గోడంత టీవీ లాంటి తెర. దానంతటదే పాఠం చెబుతుందట. మా ఊళ్లో కరెంటు రోజుకి ఎన్నిసార్లు పోతుందో ఆ తెరకి ఎవరూ చెప్పినట్టు లేదు.

అడోనిస్‌కి వీడ్కోలు ఇవ్వాలి కదా. మా వైపు ఒక పద్ధతుంది. మనిషి ఊరొదిలి పనికి పోతుంటే, ముఖ్యంగా నీళ్ల మీదకో నీళ్ల పక్కకో పోతుంటే, చేదు మాటతో సాగనంపకూడదు. ఆ చేదు వాడి వెంటే పోతుందని నమ్మకం. పెద్ద గుండిగలో బియ్యం, బొబ్బర్లు, కొబ్బరిపాలు, ఉప్పుచేప అన్నీ కలిపి కుకప్ వండాలి. అందరికంటే పెద్దవాళ్లు లేచి మంచి మాట చెప్పాలి. బళ్లో అందరికంటే పెద్దదాన్ని నేనే.

రాత్రంతా మనసులో ఒక ప్రసంగం సిద్ధం చేసుకున్నాను. అందులో మంచి మాట ఒక్కటీ లేదు. తీరా లేచి నిలబడేసరికి ఎదురుగా అడోనిస్ భార్య కడుపు మీద చెయ్యేసుకుని కూర్చునుంది. అతని తల్లి కళ్లొత్తుకుంటోంది. ఐదో ఫారం పిల్లలు వరసగా నిలబడి వడ్డిస్తున్నారు. నా నోరు దానంతటదే తిరిగింది.

"మన బడిలో చదువుకున్నవాణ్ని ఇవాళ సముద్రం పేరుపెట్టి పిలిచింది. ఇంతకంటే మనకి గౌరవం ఏముంది? పిల్లలూ, బాగా లెక్కలు నేర్చుకోండి. రేపు మిమ్మల్నీ పిలుస్తుంది."

చప్పట్లు మోగాయి. గరిటె పట్టుకుని నిలబడ్డ వర్షానీ మాత్రం చప్పట్లు కొట్టలేదు. చేతిలో గరిటె ఉంది కాబట్టి అనుకున్నాను. నా వైపే చూస్తోంది.

అడోనిస్ మాట తప్పే మనిషి కాదు. తొలి రెండు వారాలు అయ్యాక ఇంటికొచ్చి, స్నానం కూడా చేయకుండా ఇంటికింద బోర్డు ఆనించాడు. మా ఇళ్లన్నీ స్తంభాల మీద ఉంటాయి కదా, ఊరి బతుకంతా ఆ కింది నీడలోనే. ఒక పక్క ఉయ్యాల, ఒక పక్క బట్టలు ఆరేసిన తాడు, మధ్యలో పిల్లలు. తెర వచ్చిన చెక్కపెట్టెని బెంచీగా వేసుకున్నారు. ఆ పెట్టె వల్ల మా విద్యకి జరిగిన మేలు అదొక్కటే. నేను రోజూ ఆ రోడ్డు మీద పని కల్పించుకుని పోయేదాన్ని. ఉప్పు కోసం ఒకసారి, అగ్గిపెట్టె కోసం ఒకసారి.

తర్వాతి విడతలో అడోనిస్ రాలేదు. గోదాంలో అతని బదులు కూర్చోడానికి లెక్క తెలిసినవాడు దొరకలేదట. ఇంకో రెండు వారాలు అక్కడే ఉంచేశారు. ఇంటికింద పిల్లలు పెట్టె మీద కూర్చుని ఎదురుచూశారు. అడోనిస్ భార్య మాబీ పానీయం గ్లాసుల్లో పోసిచ్చి, పొండర్రా రేపొస్తాడేమో అంది. మూడో రోజు నేను పోయేసరికి బోర్డు దగ్గర వర్షానీ ఉంది.

"ఏరా షకీల్, ఎక్స్ ఎక్కడికి పోయింది?"

"అటుపక్కకి."

"ఊరికే పోయిందా? గుర్తు మార్చుకోకుండా ఎవడైనా గీత దాటతాడా? సురినామ్ పోవాలన్నా కాయితం కావాలి కదరా."

నేను రోడ్డు మీదే నిలబడిపోయాను. ఆ పిల్ల నిజంగానే టీచరు. నేనింక చచ్చిపోయినా ఫరవాలేదనుకున్నాను. అలా అనుకున్న రోజే దేవుడు వింటాడు కాబోలు.

మార్చి చివర్లో వర్షానీ బడికి రావడం మానేసింది. రెండు రోజులు జ్వరమనుకున్నాను. మూడో రోజు పాఠం మధ్యలో వదిలేసి వాళ్లింటికి పోయాను. వాళ్ల ఆజీ, అంటే నాన్నమ్మ, ఇంటికింద పీట మీద కూర్చుని బజారుకి బొబ్బర్ల కాయలు కట్టలు కడుతోంది. వాకిట్లో వెదురుకర్రకి పూజ జెండా ఒకటి కొత్తగా ఎగురుతోంది. ఎర్రగా ధగధగలాడుతోంది. ఏదో శుభం జరిగిందన్నమాట.

"రా బేటీ, కూర్చో. పిల్లకి పద్దెనిమిది నిండాయా, నిండీ నిండగానే పిలుపొచ్చింది! ఆ గోదాం వాళ్లే బండేసుకొచ్చారు. అడోనిస్ బాబు చెప్పాట్ట, మా ఊళ్లో నాకంటే గబగబా లెక్క చేసే పిల్లుందని. ఆయన్నోరు చల్లగుండ!"

ఏ టీచరైనా చేసే తప్పు ఇదే. మంచి శిష్యురాలి గురించి నోరు మూసుకుని ఉండలేడు. వాడు గొప్పగా చెప్పుకున్నాడు, వీళ్లు విని పట్టుకుపోయారు.

"ఆజీ, దానికి మేలో పరీక్షుంది! అది టీచరవ్వాలి!"

ఆజీ కట్ట ముడేసి పక్కన పెట్టింది. నా వైపు చూసింది. "కోప్పడకు గానీ ఒకటడుగుతా. నీ జీతం ఎంత బేటీ?"

చెప్పాను. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు, హెడ్‌మిస్ట్రెస్ అలవెన్సుతో కలిపి చెప్పాను. ఆజీ నా చెయ్యి మీద చెయ్యేసి రెండుసార్లు తట్టింది. తర్వాత లేచి లోపలికి పోయి ఒక గుమ్మడికాయ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "డబ్బులొద్దులే, తీసుకెళ్లు," అంది.

ఆ గుమ్మడికాయ మోసుకుంటూ ఇంటికి నడిచినంత అవమానం నా బతుకులో ఎరగను. అది తియ్యగా ఉండడం ఇంకో అవమానం.

వర్షానీని మినీబస్సుల స్టాండు దగ్గర పట్టుకున్నాను. ఆమె ఇంటికొచ్చే రోజని తెలుసుకుని పొద్దున్నుంచీ కాలుగాలిన పిల్లిలా అక్కడే తిరిగాను. నారింజ రంగు కోటుతో దిగింది, మోచేతుల దాకా గ్రీజు మరకలు.

"మంచి తెలివిగలదానివి! గొడ్డలి పెట్టి గడ్డం గీస్తున్నావే! ఆ పైపులు ఎవరైనా లెక్కపెడతారు."

"ఎవరైనా పెట్టలేకే కదా మిస్, సర్‌ని ఇంటికి పంపకుండా ఉంచేశారు." నవ్వింది. చాలా అలిసిపోయిన నవ్వు. "ఇప్పుడు సర్ రెండు వారాలు, నేను రెండు వారాలు. నేనక్కడుంటే సర్ ఇక్కడుంటారు. ట్యూషన్ ఆగదు. మీకు కావాల్సిందీ అదే కదా?"

"నాకు కావాల్సింది నువ్వు బళ్లో ఉండడం!"

"నాన్నకి పని లేదు మిస్. మీకు తెలుసు." చేతి గ్రీజు కోటుకి తుడుచుకుంది. "మీరే అన్నారు కదా, లెక్కలు నేర్చుకోండి, సముద్రం పిలుస్తుందని. నేను బాగా నేర్చుకున్నా. త్వరగా పిలిచింది."

ఆ మాటలో వెటకారం ఉంటే చెంప పగలగొట్టేదాన్ని. లేదు. నేను చెప్పింది నమ్మింది, అంతే. చుట్టూ కండక్టర్లు జార్జ్‌టౌన్, జార్జ్‌టౌన్ అని అరుస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది, కోపంలాగే బయటికొచ్చింది.

"పరీక్ష! పరీక్ష మాత్రం రాసి తీరాలి. ఒట్టెయ్యి."

"రాస్తా మిస్. నేను చూసుకున్నా. పరీక్ష నేను ఇంట్లో ఉండే వారాల్లోనే పడింది. సర్ అప్పుడక్కడ ఉంటారు. ఆ రెండు వారాలూ నేనే మనవాళ్లకి చెబుతా, నేనూ చదువుకుంటా." కోటు జేబులోంచి పుస్తకం తీసి చూపించింది. పేజీలకి కూడా గ్రీజే.

ఆ తర్వాత నాకు నిద్ర పట్టిన రాత్రి లేదు. గేటు చప్పుడైతే వర్షానీ ఏమో అని లేచేదాన్ని. వానొస్తే మినీబస్సు ఆగిపోతుందేమోనని లేచేదాన్ని. మా ఆయన విసుగెత్తి, ఆ పరీక్ష నువ్వు రాసెయ్యవే, మాకు మనశ్శాంతి అన్నాడు. నేను లెక్కల పరీక్ష రాస్తే ఆయనకి మనశ్శాంతి రాదు, ఉన్న పరువు పోతుందని చెప్పాను.

మే నెల వచ్చింది. పరీక్షకి ముందు రెండు వారాలు నన్ను వేరే సెంటర్లో పర్యవేక్షకురాలిగా వేశారు, ఏటి అవతల. అక్కడ తిరగడానికి వరండా కూడా లేదు. మా పిల్లలు ఎలా చదువుతున్నారని ఫోన్ చేస్తే, బ్రహ్మాండంగా మిస్, రోజూ ట్యూషన్ జరుగుతోంది అన్నారు. ఎవరు చెబుతున్నారని నేనడగలేదు. అడగాల్సిన అవసరం ఉందని అనుకోలేదు.

లెక్కల పరీక్ష రోజు తెల్లవారకముందే మా బడి గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాను. పిల్లలు ఇస్త్రీ బట్టల్లో ఒక్కొక్కరే వస్తున్నారు. షకీల్ వచ్చాడు, నోట్లో ఏవో సూత్రాలు గొణుక్కుంటూ. వాళ్ల వెనక, చేతి నిండా పెన్సిళ్లతో, కెల్విన్ అడోనిస్ వచ్చాడు.

ఇవి అతను గోదాంలో ఉండాల్సిన వారాలు.

"నువ్విక్కడేంటి?"

అడోనిస్ తల ఎత్తలేదు. "వర్షానీ మీకు చెప్పలేదా మిస్? నాతో మీకు చెప్పేశానంది."

"ఏం చెప్పడం? అదెక్కడ?"

"అక్కడే ఉంది." పెన్సిళ్లు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "వారాలు మార్చమని తనే పోయి వాళ్లనడిగింది. నాకు కంపెనీ గేటు పాస్ వచ్చేదాకా తెలీదు మిస్. కంపెనీయే సెలవిచ్చిందనుకుని ఎగురుకుంటూ ఇంటికొచ్చా. వచ్చి చూస్తే అది బయల్దేరిపోయింది. ఒకసారి పాస్ రాశాక రెండు వారాలూ మారదు. దాన్ని బయటికి రానివ్వరు, నన్ను లోపలికి పోనివ్వరు. ఫోన్ చేసి తిట్టా. ఎంత తిట్టానో..."

"ఏమంది?"

"నేను చెబితే వీళ్లలో సగం మందే పాసవుతారు సర్, మీరు చెబితే అందరూ అవుతారంది. నేనొక్కదాన్ని, వాళ్లు చాలామందంది. సగటు తీసి చూడండి సర్, అంది."

లోపల గంట కొట్టారు. పిల్లలు అడోనిస్ చేతిలో పెన్సిళ్లు తీసుకుని పరిగెత్తారు. ఒక పెన్సిలు మిగిలింది. అతను దాన్ని జేబులో పెట్టుకోలేక, పారెయ్యలేక అలాగే పట్టుకున్నాడు. అతన్ని కొట్టాలనిపించింది. ఆ గోదాం వాణ్ని కొట్టాలనిపించింది. వీడ్కోలు రోజు కుకప్ గుండిగ ముందు నిలబడి వాగిన నన్ను అందరికంటే ఎక్కువ కొట్టాలనిపించింది. పరీక్ష అయ్యేదాకా మేమిద్దరం ఆ గేటు దగ్గరే అటొకరూ ఇటొకరూ తిరుగుతూ ఉన్నాం.

ఆగస్టులో ఫలితాలొచ్చాయి. కేకు పెట్టిన అధికారే ఫోన్ చేశాడు.

"అభినందనలు మిస్ సుఖ్‌లాల్! లెక్కల్లో మీ బడి సగటు ఎన్నడూ లేనంత పెరిగింది. ఒక్కరు కూడా తప్పలేదు! పైవాళ్లకి నివేదికలో రాస్తున్నా. చూశారా, ఆ తెర ఎంత పనిచేసిందో!"

"బాగా పనిచేసింది. పెట్టె మరీ గట్టిది. లెక్కల టీచరెప్పుడొస్తాడు?"

"అది... ఇంకో తెర పంపిస్తాం మిస్."

ఫోన్ మంచం మీదకి విసిరాను. ఆయన నివేదికలో మా సగటు ఉంటుంది. దేశం మొత్తం సగటులో అది కలుస్తుంది. ఎక్కడో ఎవరో దాన్ని చూసి, సెకండ్ హోప్ బాగుపడుతోంది అనుకుంటారు. అబద్ధమూ కాదు. షకీల్ తల్లి ఆ రోజు ఊరంతా తిరిగి మిఠాయి పంచింది, నాకూ పెట్టింది.

సాయంత్రం మా ఇంటికింద చెప్పుల చప్పుడైంది. వర్షానీ. ఇంట్లో ఉండే వారాలు. చేతిలో సంచి, సంచిలో హసర్ చేపలు, ఇంకా కదులుతున్నాయి.

"నాన్న కాలవలో పట్టాడు మిస్. ఇంటికి సగటున ఎన్నో తెలీదు గానీ మీకు ఆరు."

తిట్టడానికి మూడు నెలలుగా దాచుకున్న తిట్లన్నీ గొంతుదాకా వచ్చాయి. పిల్ల ముఖం చూస్తే చెంపలు పీక్కుపోయి ఉన్నాయి. పీట ముందుకి తోశాను. ఆమె కూర్చుని, నేనడక్కుండానే గిన్నె లాక్కుని, నిమ్మచెక్కతో చేపల పెంకులాంటి ఒంటి మీది బురద రుద్దడం మొదలుపెట్టింది. నేను కొబ్బరి తురుముతూ కూర్చున్నాను. నిజంగా కూర్చున్నాను.

"సగటు పెరిగిందట కదా మిస్."

"పెరిగింది. జనవరిలో మళ్లీ పరీక్ష పెడతారు. రాస్తావు కదూ?"

"డ్యూటీ ఎప్పుడు పడుతుందో చూడాలి మిస్. ఇప్పుడు నన్ను ఇంకో గోదాం కూడా చూసుకోమంటున్నారు." చేప తిప్పి రెండో పక్క రుద్దింది. నా వైపు చూడకుండా అడిగింది. "నేను కూడా రాసుంటే ఇంకెంత పెరిగేది మిస్?"

"నాకు లెక్కలు రావే తల్లీ. నువ్వే చెప్పు."

షకీల్‌కి ఏ గ్రేడు, మిగతావాళ్లకి ఏవి అని ఒక్కొక్కరిదీ అడిగింది. నేను చెబుతూ పోయాను. కాగితం లేదు, పెన్సిలు లేదు. చేతులు చేపల్ని రుద్దుతూనే ఉన్నాయి. తనకి మొదటి గ్రేడు వచ్చినట్టు వేసుకుని, కూడి, భాగించి, సగటు ఇంకెంత పెరిగేదో ఒక సంఖ్య చెప్పింది. అది దశాంశ చుక్క తర్వాత ఎక్కడో వచ్చే చిన్న సంఖ్య.

"అంతే మిస్," అంది. "పెద్ద తేడా ఏం వచ్చేది కాదు."

కడిగిన చేపలు నా చేతికందించింది. నేను పొయ్యి వైపు తిరిగి, కొబ్బరిపాలు పోసి, మంట పెంచాను.